చిటికెనవేలంత తేడా

సబ్బుకి మళ్ళీ బురదే అంటుకొచ్చింది.

ధనరాజు పడవ దిగి, తడి ఇసుకలో నాలుగడుగులు వేసి, లోతు చూసే సీసపు గుండును తల్లి గున్నమ్మ ముందు పెట్టాడు. ఆ గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది. గుంటలో బట్టల సబ్బు మెత్తగా అదిమి, తాడు కట్టి సముద్రంలోకి వదిలితే, నేల మీద ఏముంటే అది సబ్బుకి అంటుకుని పైకి వస్తుంది. కింద రాయి ఉంటే గుల్ల పొడి, గరుకు నలుసులు వస్తాయి. ఏమీ లేని చోట బురద. గున్నమ్మ ఆ బురదను వేలితో తీసి, బొటనవేలితో నలిపి చూసింది. వెన్నలా జారిపోయింది. ఒక్క నలుసు తగల్లేదు.

"మూడోసారి," అన్నాడు ధనరాజు. "మూడు దినాలూ ఫోన్లో పెట్టిన గుర్తు మీదకే ఎల్లినాం. పడవ బొమ్మా, గుర్తు బొమ్మా ఒకదాని మీదొకటి కూసున్నాయి. కింద సూస్తే ఇదీ."

వెనకనే వచ్చిన కొండబాబు డీజిల్ డబ్బా దించాడు. అతను ధనరాజు భార్య కుసుమకుమారికి అన్న. కొత్త ఫైబరు పడవలో సగం అతనిదే.

"అత్తా, మావ పోతూ పోతూ రాయిని సంకలో ఎట్టుకుని ఎల్లిపోనాడేటి?"

"నోరు ముయ్యరా," అంది గున్నమ్మ. పోయిన భర్త మీద వేళాకోళానికి నవ్వలేదు.

"ముయ్యమంటే మూసీస్తాను. మేస్త్రి నోరు మూస్తాడా? ఆదివారం వస్తాడు. ఇరవై అయిదో తారీకు బండికి పేర్లు అడుగుతాడు. రాయి దొరికిందా, ఇక్కడే ఉంటాం. లేదా, ఈరావల్ ఎల్లిపోతాం. ఈ సముద్రంలో గుడ్డోడిలాగ తిరగడం నావల్ల కాదు."

ధనరాజు తలూపాడు. అది చూసి గున్నమ్మ గుండును చేతిలోకి తీసుకుని ఇంటివైపు నడిచింది. ఆ రోజు గురువారం.

గాజులరేవులో మగవాళ్ళు గుజరాత్ వెళ్ళడం కొత్త కాదు. అక్కడి వీరావల్ రేవులో పెద్ద బోట్ల మీద పనికి మనుషుల్ని కుదిర్చే మేస్త్రి ఏటా వస్తాడు, ఏటా తీసుకుపోతాడు. ధనరాజు ఏడు సీజన్లు వెళ్ళాడు. ఏడుసార్లూ గున్నమ్మ చీపురుపల్లి స్టేషను దాకా వెళ్ళి సాగనంపింది. బండి కదిలాక ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఎదురుగా ఉన్న కొండను చూస్తూ ఉండిపోయేది. మనుషుల్ని చూస్తే ఏడుపొస్తుందని కొండను చూసేది. ఆరోసారి వెళ్ళినప్పుడు ఇక్కడ తండ్రి నూకయ్య జబ్బు చేసి పోయాడు. కొడుకు మూడో రోజుకి వచ్చాడు. అప్పటికి అన్నీ అయిపోయాయి. అంతకు చాలాకాలం ముందు గున్నమ్మ తమ్ముడొకడు పారాదీపు వైపు వెళ్ళి, మళ్ళీ కబురే లేకుండా పోయాడు. అందుకే ఎవరైనా సంచి సర్దుతుంటే ఆమె సంచిలో పెట్టినది తీసి మళ్ళీ మడతపెట్టి మళ్ళీ పెడుతుంది.

ఈ ఏడు ధనరాజు వెళ్ళనన్నాడు. బావా బావమరుదులు కలిసి పడవ కొన్నారు. ఎండాకాలం వేట నిషేధం ముగిసి నెల దాటింది. నెలంతా అందరూ వెళ్ళే చోటికే వెళ్ళారు, అందరికీ దొరికే నాలుగు కవ్వళ్ళు, ఆ చిన్నచేపలే దొరికాయి. ధర పలికే కోనాం చేప కావాలంటే నీళ్ళకింద రాయి కావాలి. ఆ రాయి నూకయ్యకి తెలుసు. ఒడ్డునుంచి పదమూడు కిలోమీటర్లు, నాలుగిళ్ళంత వెడల్పు, పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. నూకయ్య ముప్ఫై ఏళ్ళు తెప్ప మీద అక్కడికి వెళ్ళి వచ్చాడు, ఎవరికీ చెప్పలేదు.

గున్నమ్మకి చెప్పాడు. గున్నమ్మ రాసింది.

ఆమె బడికి వెళ్ళలేదు. నలభై మూడో ఏట, ఎండుచేపలు చుట్టే పాత పేపరు మీద అక్షరాలు చూసి చూసి, చీపురుపల్లి సంతలో పక్కన కూచునే గాజులమ్మే చిన్నతల్లిని అడిగి అడిగి, బస్సు బోర్డులతో సరిపోల్చుకుని నేర్చుకుంది. ఇప్పటికీ ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదువుతుంది. పేపరు కనపడితే వదలదు. కానీ తను రాసినదాన్ని మాత్రం పూర్తిగా నమ్మదు. చదివిన చదువు ఎవరో ఇచ్చింది కాదు, తను ఎత్తుకొచ్చుకున్నది. ఎత్తుకొచ్చినదాంట్లో ఏదో ఒకటి తప్పు ఉండే ఉంటుందని ఆమె భయం.

నూకయ్య పోయే ముందు ఏడాది, మత్స్యకారుల సొసైటీ వాళ్ళు చేతిలో పట్టే జీపీఎస్ ఒకటి ఇచ్చారు. రాయి మీద ఉండగా దాని మీట నొక్కి, ఒడ్డుకొచ్చి అంకెలు చదివాడు. గున్నమ్మ నోటుబుక్కులో రాసింది. తర్వాత ఆ యంత్రంలోకి ఉప్పునీరు దిగి చచ్చిపోయింది. అంకెలు నోటుబుక్కులో మిగిలాయి. వాటినే ధనరాజు ఫోన్లో పెట్టుకుని మూడుసార్లు వెళ్ళాడు.

మూడుసార్లూ బురద. అంటే తప్పు ఎక్కడుంది? గున్నమ్మ గుండుని గుమ్మం పక్కన పెట్టి, ఆ మాట పైకి అనకుండా లోపలే నలిపింది. రాసింది నేనే కదా.

*

మధ్యాహ్నం అన్నాలయ్యాక కుసుమకుమారి వలల పాకలో చాప వేసి, రెండు ఫోన్లు ముందు పెట్టుకుని కూచుంది. ఆమె ఇంటరు దాకా చదివింది. ఇంట్లో గ్యాసు బుకింగు నుంచి పిల్లల ఫీజు దాకా ఫోన్లో ఏ పనైనా ఆమె చేతిమీదే.

"పటం మంచిది కాదేమో మావా," అంది భర్తతో. "ఒక్కదాన్నే పట్టుకుని ఏలాడతన్నావు. నా కాడ మూడున్నాయి. మూడూ సూసి, ఏది నిజం సెప్తాదో అదే ఎట్టుకుందాం."

"పటాలన్నీ ఒకటే కదే. దేవుడి బొమ్మలా? ఒక్కోడు ఒక్కోలాగ గీసీడానికి!"

"అదే కాదంటన్నాను. సూడు."

మొదటిది ఫోనుతోపాటు వచ్చే పటం. రోడ్లు, టీకొట్లు, అరసవల్లి దాకా బస్సు ఎన్ని గంటలు, అన్నీ చెబుతుంది. ఊరు దాటి సముద్రంలోకి జరిపితే మాత్రం అంతా ఒకటే నీలం. రెండోది సముద్రం మీద తిరిగేవాళ్ళ కోసం చేసింది. నీళ్ళ మీద చిన్న చిన్న అంకెలతో లోతులు, లోతు మారిన చోట వంకర గీతలు. నేల మాత్రం పసుప్పచ్చగా బోసిగా ఉంది. ఇన్నాళ్ళూ ధనరాజు వాడింది అదే. మూడోది ఆకాశం నుంచి తీసిన ఫొటో. ఇళ్ళ రేకులు, సరుగుడు తోటలు, కొండలు, ఒడ్డున లాగి ఉంచిన పడవలు కూడా కనిపిస్తున్నాయి.

కొండబాబు మూడోదాన్ని చూసి మోకాళ్ళ మీద లేచాడు. "ఇదే బాగున్నాది! మా ఇంటి మీద ఎండేసిన లుంగీ కనపడతన్నాది."

"నీ లుంగీ మీద కోనాములు తిరుగుతాయా అన్నా?"

గున్నమ్మ ఎదురుగా ఇంటి గుమ్మంలో కూచుని, చీపురుకి కొబ్బరాకు పుల్లలు చీరుతూ వింటోంది. వాళ్ళు ఏదో ఒకటి తేల్చేస్తారని, తేల్చినది మళ్ళీ తప్పవుతుందని ఆమెకి గాభరా. కానీ పటం అనేది ఎలా పరీక్షించాలో ఆమెకి ఒక్కసారిగా తోచింది. సంతలో కొత్త తూకపురాయి వస్తే ఏం చేస్తుంది? ముందే బరువు తెలిసిన చేపను పెట్టి చూస్తుంది.

"ఒసే కుసుమా," అంది. "మనకి తెలీని సోటు గురించి దాన్ని అడిగితే అది ఏటి సెప్పినా మనం తలూపాల. తెలిసిన సోటు అడుగు. అక్కడ అబద్ధం ఆడిందా, దాన్ని ఇక ఇంట్లోకి రానీకు."

"ఏ సోటత్తా?"

"గెడ్డ నోరు సూపించమను."

ఊరి పక్కన గెడ్డ సముద్రంలో కలిసే చోటు అయిదేళ్ళ కిందట తుపానుకి మారిపోయింది. పాత నోరు ఇసుకతో పూడిపోయి, ఉత్తరంగా అరకిలోమీటరు అవతల కొత్తది తెగింది. కుసుమకుమారి ఒక్కొక్క పటం తెరిచింది. మొదటిది పాత నోరే చూపించింది. సముద్రం పటం కూడా పాతదే. ఫొటో పటంలో మాత్రం కొత్త నోరు, దాని పక్కన తెల్లటి ఇసుక నాలుక, ఉన్నదున్నట్టు కనిపించింది.

"ఒకటి పోనాది," అంది గున్నమ్మ. "సముద్రం పటం కూడా ఒడ్డుకాడ అబద్ధమే ఆడింది. దానికి ఇంకో ప్రశ్న ఎయ్యాల. వల సింపే రాయి కాడ ఎన్ని బారలు?"

అది రేవుకి దగ్గర్లో ఉన్న రాయి. దాని మీద వల వేసి చింపుకోని వాళ్ళు ఊళ్ళో లేరు కాబట్టి అందరికీ తెలుసు.

"ఎనిమిది బారలు," అన్నాడు ధనరాజు. బార అంటే చేతులు రెండూ చాపినంత. తాడు లాగేటప్పుడు అలాగే లెక్క.

కుసుమకుమారి అక్కడికి జరిపి చూసింది. పద్నాలుగు మీటర్లని ఉంది. రాయి గుర్తు కూడా ఉంది. కాగితం మీద గుణించి చూసి తలెత్తింది. "ఎనిమిది బారలే అత్తా. పొల్లుపోలేదు."

"అయితే నీళ్ళ సంగతి దాన్ని అడగండి, నేల సంగతి ఫొటోని అడగండి. సంతలో సేపలమ్మేదాని కాడ కూరగాయలు కొనం కదా."

ధనరాజు తల్లిని కొత్తగా చూశాడు.

"ఫొటో పటానికి ఒక రోగం ఉన్నాది అత్తా," అంది కోడలు. "సిగ్నల్ పోతే కళ్ళు మూసుకుంటాది. సముద్రం పటం అలా కాదు. ఒడ్డునే దించుకుంటే ఎంత దూరమెళ్ళినా ఉంటాది. అందుకు ఫొటో మీద పని ఇక్కడే సేసుకుని, గుర్తు దాన్లోకి ఎక్కించాల."

"ఫొటో మీద ఏటి పని?"

"గీతలు గియ్యొచ్చు. దూరం కొలవొచ్చు. ఇక్కణ్ణించి ఇక్కడికి అని ఏలు ఎడితే తిన్నగా గీత పడతాది."

తిన్నగా గీత. గున్నమ్మ చేతిలోని కొబ్బరాకు పుల్ల ఆగిపోయింది. నోటుబుక్కులో అంకెల కింద ఇంకో నాలుగు వరుసలు ఉన్నాయి. వాటిని ఆమె ఇంతవరకు ఎవరికీ చదివి వినిపించలేదు.

*

కొండ గురుతులు పరాయివాళ్ళ ముందు చెప్పకూడదు. గాజులరేవులో ప్రతి ఇంటికీ ఇదొక నియమం. రాయి ఎక్కడుందో ఒడ్డున కనిపించే కొండల్నీ చెట్లనీ బట్టి గుర్తు పెట్టుకుంటారు. ఆ గురుతులు తండ్రి కొడుక్కి, పడవ మీద, ఒడ్డుకి చెవులు లేని చోట చెబుతాడు. తోడల్లుడికి చెప్పరు, బావమరిదికి చెప్పరు. కొడుకు వీరావల్‌లో ఉంటే నూకయ్య ఏం చేస్తాడు? పెళ్ళాంతో రాయించి, చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. మన ఇంటి మగోడికే, ఒక్కడికే, అని.

అంకెలు చెప్పడానికి గున్నమ్మ సందేహించలేదు. అవి యంత్రం మాటలు, నూకయ్య మాటలు కావు. గురుతులు ఒక్క ధనరాజుకి చెప్పాలని నెలరోజులుగా చూస్తోంది. కానీ వాడెప్పుడూ కొండబాబుతోనే. నిద్రకి తప్ప విడిపోరు. చెవిలో చెప్పినా, పడవలో ఒకడికి తెలిసి రెండోవాడికి తెలియకుండా వేట ఎలా సాగుతుంది? ఒక పడవలో సగం సగం ఉన్నవాళ్ళ మధ్య ఆ దాపరికం పెడితే ఆ పడవ ఎన్నాళ్ళుంటుంది?

"కొండబాబూ," అంది. "కొట్టుకెళ్ళి టీ పొడి అట్టుకురా."

కొండబాబు లేచి, రెండడుగులు వేసి, ఆగాడు. పొయ్యి పక్కన డబ్బా నిండా టీ పొడి అతనికి కనిపిస్తూనే ఉంది.

"నన్ను బయటకి తగిలేస్తన్నావు గదా అత్తా."

అతనికి కోపం రాలేదు. వచ్చి ఉంటే గున్నమ్మకి తేలికయ్యేది. "మీ ఇంటి గురుతులు. నాకు సెప్పమని నేననను. మా అయ్య ఉంటే ఆయనా సెప్పడు. ఎల్తాను," అని చెప్పులు వెతుక్కున్నాడు.

గున్నమ్మ ఆ చెప్పుల్ని చూసింది. వాకిట్లో మగవాడి చెప్పులు బయటివైపు తిరిగి ఉండడం ఆమె చాలాసార్లు చూసింది. ఆదివారం మేస్త్రి వస్తే రెండు జతలు అలా తిరుగుతాయి. మాట నిలబెట్టుకుంటే నూకయ్య మాట మిగులుతుంది. కొడుకు మిగలడు. ఏ కొడుక్కి అందాలని ఆయన రాయించాడో వాడు బండెక్కిపోతే, ఇంకెవరి కోసం ఈ మాట?

"కూసోరా," అంది.

"టీ పొడి?"

"కూసోమన్నాను గదా! పడవలో నువ్వు సగం. మునిగితే నా కొడుకుతో పాటు నువ్వూ మునుగుతావు. అలాటోడు పరాయోడెలా అవుతాడు? మీ మావకి నేను సమాధానం సెప్పుకుంటాను. నీ నోట్లోంచి బయటకి వచ్చిందో, నీ ఈపు మీద అట్లకాడ ఇరిగిపోతాది."

"అత్తా, నా పెళ్ళానికి కూడా సెప్పను. అసలు అది నేనేటి సెప్పినా ఇనదు."

గున్నమ్మ లోపలికి వెళ్ళి బియ్యం డబ్బా అడుగునుంచి నోటుబుక్కు తెచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని, అక్షరాల కింద వేలు పెట్టి, నూకయ్య అన్నది అన్నట్టుగా చదివింది.

"దీపస్తంభం సీపురుపల్లి కొండ నొక్కులో పడాల. సెయ్యి సాపి సిటికినేలు అడ్డమెడితే, ఆ ఏలంత తప్పినా కింద బురదే. పడమట సిన్నకొండ ఎనకనుంచి పెద్దకొండ తోక అప్పుడే బయటపడాల. ఈ రెండూ ఒకేసారి అయితే గుండు ఎయ్యి."

ధనరాజు చేత్తో ముఖం తుడుచుకున్నాడు. తండ్రి గొంతు విని రెండేళ్ళయింది.

కుసుమకుమారి ముందుగా తేరుకుంది. ఫొటో పటంలో చీపురుపల్లి కొండను పట్టుకుంది. రెండు శిఖరాల మధ్య నొక్కు మీద వేలు పెట్టి, అక్కణ్ణించి ఒడ్డున రాత్రి పడవలకి దారి చూపే దీపస్తంభం మీదుగా తిన్నగా సముద్రంలోకి గీత లాగింది. తర్వాత పడమటి కొండల అంచులు పట్టుకుని ఇంకో గీత. రెండూ నీలం మీద ఒక చోట కలిశాయి. అక్కడే ధనరాజు పాత గుర్తు కూడా తెచ్చి పెట్టింది.

గీతలు కలిసిన చోట ఆ గుర్తు లేదు. ఈశాన్యంగా, దూరంగా ఉంది.

"ఆరు వందల మీటర్ల పైన," అంది కొలిచి.

"మరి ఏది రైటు?" అన్నాడు కొండబాబు.

ధనరాజు ఆలోచించాడు. "అంకెలు ఆకాశంలోంచి వచ్చినవి బావా. నాన్న కంటికి సివర్లో పొర వచ్చింది. కొండ మసగ్గా కనపడి ఉంటాది."

"పొర వచ్చింది ఆఖరి ఏడాది. ముప్పై ఏళ్ళు ఆ కంటితోనే కోనాం తెచ్చినాడు," అంది గున్నమ్మ. ఆ మాట గట్టిగానే అంది. ఆయన కళ్ళ మీద ఆమెకి అనుమానం లేదు. తన చేతి మీదే ఉంది. కొండ సరయితే అంకె తప్పు. అంకె రాసింది తను. అయిదుని ఆరు చేసిందో, చుక్క తప్పించిందో. అడిగి తేల్చుకోవడానికి చదివినవాడు లేడు.

చెయ్యి చాపింది. "నువ్వు కొట్టిన అంకెలు సూపించరా."

ధనరాజు ఫోను ఇచ్చాడు. ఎడమచేతి వేలు నోటుబుక్కు మీద, కుడిచేతి వేలు ఫోను మీద పెట్టి, గున్నమ్మ ఒక్కొక్క అంకె పోల్చుకుంటూ పోయింది. పదిహేడు, ఇక్కడ పదిహేడు. యాభై ఆరు, ఇక్కడా యాభై ఆరు. ఎడమ వేలి కింద నాలుగు, సున్నా, సున్నా. కుడి వేలి కింద నాలుగు, సున్నా.

మళ్ళీ చూసింది. కింది వరుసకి వెళ్ళింది. ఎనభై మూడు, నలభై ఒకటి. ఎడమన మూడు, అయిదు, సున్నా. కుడిన మూడు, అయిదు.

"ఒరే, ఈ సున్నాలు ఎక్కడికెల్లిపోనాయి?"

"ఏ సున్నాలు?"

"నేను నాలుగొందలు రాసినాను. నువ్వు నలభై కొట్టినావు. నేను మూడొందల యాభై రాసినాను. నువ్వు ముప్పై అయిదు కొట్టినావు."

"అందులో రెండంకెలే పడతాయమ్మా. మూడోది ఎయ్యనియ్యదు. సివర సున్నాయే గదా అని వొదిలీసినాను."

"సివర సున్నా వొదిలీడానికి నీ అమ్మమ్మ సొమ్మా?" అన్నాడు కొండబాబు. "ఈ చుక్కేటత్తా? యాభై ఆరు పక్కన చుక్క పెట్టినావు."

"ఆయన చుక్క అన్నాడు, నేను చుక్క పెట్టినాను," అంది గున్నమ్మ.

కుసుమకుమారి అప్పటికే ఫోను లాక్కుంది. "మావా, నువ్వు దీన్ని గడియారం అనుకున్నావు. డిగ్రీ, నిమిషం, సెకను అని మూడు గళ్ళు ఉంటే మూడింట్లో నింపీసినావు. మావయ్య యంత్రం సెకన్లు సెప్పలేదు. యాభై ఆరు నిమిషాలు, ఆ పైన నిమిషంలో ఎంత ముక్కో, అది చుక్క పెట్టి సెప్పింది. చుక్క నాలుగు సున్నా సున్నా అంటే నిమిషంలో పదింట నాలుగు వంతులు. అంటే ఇరవై నాలుగు సెకన్లు. నువ్వు నలభై కొట్టినావు." సెట్టింగుల్లోకి వెళ్ళి వెతికింది. అంకెలు రాసే పద్ధతులు అక్కడ మూడు రకాలు ఉన్నాయి. మధ్యది నొక్కింది. మూడు గళ్ళు పోయి రెండు గళ్ళు వచ్చాయి. రెండో గడిలో చుక్క పడుతోంది. అత్త నోటుబుక్కు చూస్తూ, చుక్కతో సహా, చివరి సున్నాతో సహా కొట్టింది.

గుర్తు నైరుతికి దూకింది. గీతలు కలిసిన చోటి పక్కనే ఆగింది.

"ఎనభై మీటర్లు," అంది కొలిచి. "గీత గీసింది నా ఏలు. ఆ మాత్రం ఉంటాది."

గున్నమ్మ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది. తను రాసింది తప్పు కాదు. ఒక్క చుక్క కూడా తప్పు కాదు.

*

సాయంత్రం వాన కొట్టింది. శుక్రవారం తెల్లారేసరికి గాలి కడిగినట్టు ఉంది. ఒడ్డునుంచే కొండలు నీలంగా, అంచులు కోసినట్టు కనిపిస్తున్నాయి. పడవ నీళ్ళలోకి తోసే ముందు గున్నమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది.

"పటం నిన్ను రాయి దాకా తీసుకెల్తాది. రాయి మీద నిలబెట్టేది మీ నాన్న ఏలు. గుర్తు కాడికి ఎల్లి ఫోను జేబులో ఎట్టు. ఒడ్డుకి తిరిగి సెయ్యి సాపు. పూర్తిగా సాపాల, మోచెయ్యి మడవకు."

"నా ఏలు నాన్న ఏలంత లావు ఉంటాదా?"

"ఆయన కొడుకువే గదా. ఎల్లు, బేగి ఎల్లు."

పడవ కెరటాలు దాటింది. గున్నమ్మ ఒడ్డున లాగి ఉంచిన పాత తెప్ప మీద కూచుంది. కోడలు పక్కన కూచుని ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఎనిమిది దాటాక ఫోను మోగింది. ఇంజను చప్పుడు, గాలి, మధ్యలో ధనరాజు గొంతు.

"అమ్మా, గుర్తు మీదున్నాం. సెయ్యి సాపినాను. దీపస్తంభం నొక్కులో ఇంకా పడలేదు. ఎడమపక్కకి ఉన్నాది."

"ఎంత?"

"సిటికినేలు కాదు. గోరంత."

"నీకెడమేపు, ఒడ్డు వెంట మెల్లిగా జరుగు. నొక్కుకేసే సూడు, ఫోను సూడకు. పడమటి తోక కొండబాబుని సూడమను."

ఇంజను చప్పుడు తగ్గింది. "తోక ఉన్నాదత్తా! తోక బయటపడతన్నాది!" అని కొండబాబు కేక. తర్వాత ధనరాజు, నెమ్మదిగా, "పడింది" అన్నాడు. "నొక్కులో పడింది."

"గుండు ఎయ్యి."

తాడు జారే చప్పుడు ఫోనులో వినపడదు. అయినా గున్నమ్మ బారలు లెక్కపెట్టుకుంది. చేతులు తెలియకుండానే ఒకదాని మీద ఒకటి తాడు లాగుతున్నట్టు కదిలాయి.

"అమ్మా."

"సబ్బుకేటుంది?"

"గుల్ల. తెల్ల గుల్ల పొడి. గరగరలాడతన్నాది."

అంతే, సిగ్నల్ పోయింది. కుసుమకుమారి అత్త భుజం మీద తల వాల్చింది. గున్నమ్మ ఆమె తల నిమిరి, "గాలాలు సరిగ్గా కట్టుకున్నారో లేదో. ఆ కొండబాబు ముడి ఏనాడూ నిలబడదు," అంది.

ముడి నిలబడింది. మధ్యాహ్నం పడవ తిరిగొచ్చేసరికి ఒడ్డున ఉన్నవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచి వచ్చారు. చేతికి పట్టనంత కోనాములు, పదకొండు. ఎక్కడ, ఎక్కడ అని పదిమంది అడిగారు. కొండబాబు ఆకాశం వైపు చూపించాడు. "పైవోడి కాడ," అన్నాడు చాలా భక్తిగా.

ఇంటికొచ్చాక కొండబాబు ఫోను గున్నమ్మ ముందు పెట్టాడు. "అత్తా, కొత్త గుర్తు పెట్టినాం. దానికి పేరు ఎట్టమంటాది. రాయి అని ఎడితే ఎవడైనా సూసి పట్టీస్తాడు. నేనొక పేరు ఎట్టినాను, సదువు."

గున్నమ్మ వేలు పెట్టి చదివింది. కి, రా, ణా. కిరాణా కొట్టు.

"సముద్రంలో పదమూడు కిలోమీటర్లకి కిరాణా కొట్టేటిరా?"

"టీ పొడికి పంపినావు గదా. ఎల్లినాను."

గున్నమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక, ఆ గుర్తు అంకెల్ని ఇంకో కాగితం మీద రాయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పడవలో కట్టమంది. ఫోన్లోకి కూడా ఉప్పునీరు దిగుతుంది.

ఆదివారం మేస్త్రి వచ్చాడు. వాకిట్లో కుర్చీ వేశారు. పేర్లు అడిగితే ధనరాజు, "మావి రాసుకోకు," అన్నాడు. మేస్త్రి కోనాం పులుసుతో అన్నం తిని, చెప్పులు వేసుకుని, ఒక్కడే వెళ్ళాడు.

*

ఇరవై అయిదో తారీకు గున్నమ్మా కోడలూ ఆటోలో చేపల గంపలతో చీపురుపల్లి వెళ్ళారు. సంత అయ్యాక, "ఒకసారి టేసనుకాడికి ఎల్దాం," అంది గున్నమ్మ.

బండి వచ్చింది. తెలిసిన కుర్రాళ్ళు కొందరు సంచులతో ఎక్కారు. వాళ్ళ తల్లులు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. గున్నమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, చెయ్యి పట్టుకుని, పేరు పెట్టి పిలిచి, జాగ్రత్తలు చెప్పింది. బండి కదిలింది. చివరి పెట్టె మలుపు తిరిగేదాకా ఆమె నిలబడింది.

అలవాటుగా కొండవైపు చూసింది. కిందనుంచి చూస్తే అది ఒకటే గుండ్రటి కొండ, ఏనుగు వీపులా. నొక్కు ఎక్కడుందో కనపడలేదు. ఈ పక్కకీ ఆ పక్కకీ జరిగి చూసింది. లేదు.

"ఏటి సూస్తన్నావత్తా?"

"ఇక్కణ్ణించి కనపడదు," అంది గున్నమ్మ. "సముద్రం మీద ఉన్నోడికే కనపడతాది."

ఖాళీ గంప చంకకి ఎత్తుకుని నడిచింది. పడవ ఒడ్డుకొచ్చే వేళవుతోంది.